చాదర్ మీదికి వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

లడాఖ్‌లో గడ్డకట్టిన జంస్కార్ నది మీద జనవరిలో నడిచే చాదర్ నడకకి డబ్బు కట్టేశావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. పక్కనుంచి మీ అమ్మ "బావగారు గట్టిగా చెబితే మానేస్తుంది" అంటోంది. మానెయ్యమనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన మాధవరంలో పట్టాళానికి మగాడు వెళ్లని ఇల్లు లేదుగానీ, ఓ ఆడపిల్ల తన జీతం డబ్బుతో జంస్కార్ నది మీద నడవడానికి బయల్దేరిందని ఇదే వినడం. పొద్దున టీ కొట్టు దగ్గర కనబడిన వాళ్లందరికీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బట్టల జాబితా మీ ట్రెక్కింగ్ వాళ్లే ఇస్తారు. జీన్సు, కాటన్ బనీన్లు ఇంట్లోనే వదిలెయ్. గమ్‌బూట్లు లేహ్ బజార్లో దొరుకుతాయి, రెండు జతల ఉన్ని మేజోళ్లు పట్టేలా వదులుగా ఉన్నవి తీసుకో. బిగుతు బూట్లో రక్తం ఆడదు.

లేహ్ 11,500 అడుగుల ఎత్తు. పొద్దున శంషాబాద్‌లో విమానం ఎక్కినదానివి అదే రోజు అక్కడ దిగుతావు. ఒంటికి ఆ తేడా తెలియకుండా ఎలా ఉంటుంది? పట్టాళంలో మమ్మల్ని పైకి పంపేముందు ఆరు రోజులు అక్కడే ఉంచేవాళ్లు, మొదటి రెండు రోజులు మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. మీకు మూడు రాత్రులు ఆపి, డాక్టరు బీపీ, ఆక్సిజన్ చూశాకే అనుమతి ఇస్తారు. ఆ మూడు రోజులూ బజారు తిరక్కు, కొండెక్కి గోంపాలు, అదే బౌద్ధ మఠాలు, చూడకు. నీళ్లు తాగు, పడుకో. మామూలు కొండల్లో తలనొప్పీ వాంతులూ వస్తే కిందికి దిగితే తేరుకుంటారు. చాదర్‌లో ఆ దారి లేదమ్మా. ఆ లోయ కూడా ఇంచుమించు లేహ్ ఎత్తులోనే ఉంది, రెండు పక్కలా నిలువు కొండలు. బాగోలేకపోతే వచ్చిన ఐసు మీదే వెనక్కి నడవాలి. అందుకే ఏ తేడా ఉన్నా లేహ్‌లోనే బయటపడాలి.

ఇప్పుడు అసలు సంగతి. నా పక్క మంచం మీద పడుకునే కుర్రాడొకడు ఉండేవాడు, శ్రీకాకుళం వైపువాడు. మంచి నడక. ఓ రోజు నది ఒడ్డున ఐసు మీద పారుతున్న నీళ్లలో వాడి కాలు పిక్క దాకా దిగింది. బూటు నిండా నీళ్లు. అక్కడే ఆగి మేజోళ్లు మార్చుకుంటే పది నిమిషాల పని, సంచీలో పొడి జత ఉంది కూడా. కానీ ముందువాళ్లు ఆగాల్సి వస్తుందని, ఆలస్యం తన వల్లే అయిందంటారని, "ఏం కాలేదు, పదండి" అన్నాడు. కాసేపు కాలు మండిందట. తర్వాత మంట పోయింది. తగ్గిందనుకున్నాడు. మంట పోవడమే ప్రమాదమని వాడికి తెలుసు, మా అందరికీ పాఠం చెప్పారు. అయినా నోరు విప్పలేదు. సాయంత్రం బూటు విప్పితే వేళ్లు కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కంగారులో ఎవరో కాలు బుఖారీకి, అంటే గది వెచ్చబెట్టే పొయ్యికి, దగ్గరగా పెట్టించారు. స్పర్శ లేని కాలికి వేడి ఏం తెలుస్తుంది? చర్మం కాలిన వాసన వచ్చాకే చూసుకున్నాం. రెండు వేళ్లు తీసేశారు. వాడు మళ్లీ ఆ ఎత్తుకి రాలేదు. ఊరికి పంపించేటప్పుడు కూడా "ఏం కాలేదు" అనే అన్నాడు.

నీకూ ఆ బుద్ధే ఉంది. పాపికొండల లాంచీ ప్రయాణం ఆగిపోతుందని ఒంటి మీద జ్వరం దాచి, రాజమండ్రి రేవులో నా భుజం మీద పడి వణికిపోయావు. ఆ వేడి నాకింకా గుర్తుంది. అప్పుడు నిన్నెత్తుకోవడానికి నేనున్నాను. కాలు తడిస్తే, వేలు మొద్దుబారితే, తల బరువెక్కితే ఆ నిమిషమే గైడుకి చెప్పు. పదిమందినీ ఆపు. ఎవరేమనుకున్నా సరే. వేళ్లు తెల్లబడితే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే గోరువెచ్చని నీళ్లలోనే ఉంచాలి. అదీ మళ్లీ గడ్డకట్టే భయం లేని చోటే. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే ఇంకా చెడిపోతుంది.

నడక అక్కడి జంస్కారీలు నేర్పుతారు. కర్రతో ఐసుని తట్టి, చప్పుడును బట్టి కింద డొల్లో కాదో చెప్పేస్తారు. వాళ్ల అడుగులోనే అడుగు వెయ్యి. గాజులా మెరిసేచోట పాదం ఎత్తకుండా జరుపుకుంటూ వెళ్లు. పైన మంచుపొడి ఉన్నచోట కాలికి పట్టు దొరుకుతుంది. ఐసు విరిగిపోయి దారి లేకపోతే ఒడ్డు రాళ్లెక్కి దాటిస్తారు. కుదరదంటే తిరిగి వచ్చెయ్, డబ్బు గురించి ఆలోచించకు. రోడ్లు లేని రోజుల్లో ఆ నది మీదే పిల్లల్ని లేహ్ బడులకి నడిపించి తీసుకొచ్చిన జనం వాళ్లు. ఇప్పుడు లేహ్ దగ్గరి నిమ్మూ నుంచి జంస్కార్‌లోని పదుమ్ మీదుగా హిమాచల్‌లోని దార్చా దాకా రోడ్డు పడింది, 2024లో కలిపేశారు. నువ్వు నడిచే దారి అందుకే మా రోజులకంటే చిన్నది.

దారిలో టిబ్ గుహ దగ్గర తప్పకుండా ఆగు. మంటలు వేసుకుని పడుకున్న మనుషుల పొగకి పైకప్పు నల్లబడి ఉంటుంది. నేరక్ జలపాతమైతే దుమికేది దుమికినట్టే గడ్డకట్టి నిలబడి ఉంటుంది, నీలం, ఆకుపచ్చ, తెలుపు కలిసిన రంగు. దాన్ని చూసినప్పుడు నేను ఇంట్లో అందర్నీ తలుచుకున్నాను, ఒక్కరికైనా చూపించలేకపోయానే అని. నువ్వు చూస్తావు, నాకదే సంతోషం. కానీ ఎండ తగిలాక కొండకి వేలాడే ఐసు ఊచల కింద నిలబడి ఫోటోలు దిగకు. అవి చెప్పి పడవు.

రాత్రి చలి సున్నాకి పాతిక డిగ్రీల కిందికి పోతుంది. ఫోను, బ్యాటరీలు, నీళ్ల సీసా నీతోపాటు స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకో. బయటి ప్రీపెయిడ్ సిమ్ లడాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లు. నది మీద అదీ అందదు. అందుకని మీ అమ్మకి తిరిగొచ్చే తేదీకి రెండు రోజులు కలిపి చెప్పు. లేహ్‌లో డాక్టరు చూశాక ముందు నాకు ఫోన్ చెయ్యి. ఆక్సిజన్ ఎంత చూపించిందో ఉన్నదున్నట్టు చెప్పు.

మీ పెదనాన్న