బావి గట్టు మీద గాట్లు

అమ్మాయీ,

ఇటలీలోని శాన్ జిమిన్యానో ఊరి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. “మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ” అన్నావు గనక చెప్తున్నా. ఊరంతా తిరిగావు గానీ ఎక్కడా ఆగలేదు. కోట గుమ్మం, చర్చి, టవరు, మ్యూజియం... బస్సు కండక్టరు స్టేజీలు పిలిచినట్టుంది. పైగా ఐస్‌క్రీమ్ క్యూకి రెండు పేరాలు, బావికి ఒక్క వాక్యం!

ముందు ఆ బావి దగ్గరికి పద. నడిబొడ్డున ఏటవాలుగా ఉన్న చౌకు, దానికి పేరే బావి చౌకు, పియాజ్జా డెల్లా చిస్టెర్నా. కింద మెట్లు, మెట్ల మీద ఎనిమిది పలకల రాతి గట్టు. 1273లో కట్టారు, 1346లో పెద్దది చేశారు. “పురాతనమైన అందమైన బావి” అని రాసి వెళ్లిపోయావు. గట్టు అంచు మీద చెయ్యి పెట్టి చూశావా? రాయి లోపలికి అరిగి గాట్లు పడి ఉంటాయి. కొన్నిట్లో వేలు దూరుతుంది. తరాల తరబడి చేంతాళ్లు ఒరుసుకుని పడ్డ గాట్లవి. మా ఊళ్లో గిలక లేని బావి ఒకటుండేది. దాని ఒర మీదా ఇలాంటివే ఉండేవి. చేద లాగేటప్పుడు తాడు ఎప్పుడూ ఆ గాట్లోకే జారేది, పక్కన వేద్దామన్నా కుదిరేది కాదు. అక్కడ ఆ రాయి తడిమినప్పుడు నాకు నీళ్లు తోడే ఆడవాళ్ల భుజాలు గుర్తొచ్చాయి. నీకేం గుర్తొస్తుందో నాకు తెలీదు. అది రాసెయ్.

తారీఖు వేసినప్పుడు మనవాళ్లకి ఒక కొక్కెం కూడా ఇవ్వు. 1273 అంటే ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులు. ఆ ఒక్క ముక్కతో మన పాఠకుడు కాలంలో ఎక్కడున్నాడో తెలుసుకుంటాడు. అయితే ఒక్కసారే. ప్రతి రాయికీ కాకతీయుల్ని పిలిస్తే విసుగు.

ఇక టవర్లు. “మధ్యయుగపు మాన్‌హాటన్” అన్నావు. అక్కడికెళ్లిన ప్రతివాడూ అదే అంటాడు, తీసెయ్. ఒకప్పుడు 72 ఉండేవని చెప్తారు, ఇప్పుడు 14 మిగిలాయి. నా తప్పు కూడా చెప్తాను విను. నేను వెళ్లినప్పుడు మూడుసార్లు లెక్కపెట్టాను, ఒక్కసారీ 14 రాలేదు. కొన్ని పొట్టివి, ఇళ్ల కప్పుల మధ్య కలిసిపోతాయి. కింద నుంచి ఒక లెక్క, 54 మీటర్ల టోర్రె గ్రోస్సా అనే టవరు ఎక్కి చూస్తే ఇంకో లెక్క. ఇంటికొచ్చి మాత్రం బ్రోషర్లో ఉందని బుద్ధిగా “14 టవర్లు చూశాను” అని రాశాను. అచ్చయింది కూడా. లెక్క కుదరక చౌకు మధ్య మెడ పట్టేసేలా తిరిగిన సంగతి రాసుంటే ఎంత బాగుండేది!

అంత ఎత్తు ఎందుకు కట్టారు? నువ్వు “రక్షణ కోసం” అన్నావు. సగం నిజం. మిగతా సగం పంతం. ఊరి మీదుగా రోముకు పోయే యాత్రికుల దారి ఉండేది, కుంకుమపువ్వు వ్యాపారం ఉండేది. డబ్బున్న కుటుంబాలు ఒకరిని మించి ఒకరు టవర్లు ఎత్తుగా కట్టుకుంటూ పోయాయి. చివరికి 1255లో, ఊరి అధికారి భవనం మీది టవరు కన్నా ఎవరూ ఎత్తు కట్టకూడదని కట్టడి పెట్టారు. సాల్వూచ్చి కుటుంబం వాళ్లు పక్కపక్కనే రెండు కట్టుకుని, కలిపితే మాదే ఎత్తు అన్నారని ఒక కథ. కథని కథ అనే చెప్పు, అప్పుడే దానికి రుచి.

అసలు ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఫ్లోరెన్స్ నగరంలోనూ ఇలాంటి టవర్లు బోలెడు ఉండేవి, చాలావరకు పోయాయి. ఇక్కడ ఎందుకు మిగిలాయి? 1348లో ప్లేగు వచ్చి జనం రాలిపోయారు. 1353లో ఊరు ఫ్లోరెన్స్ చేతికి వెళ్లింది. యాత్రికుల దారి కొండ దిగి లోయలోకి మళ్లింది. పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. ఈ ఊరిని కాపాడింది లేమి. యునెస్కో గుర్తింపు 1990లో వచ్చింది, అదెంత ఆలస్యమో చూడు. “పూర్వీకులు వారసత్వాన్ని శ్రద్ధగా భద్రపరిచారు” అన్న నీ వాక్యం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

ఇంకో పొరపాటు. పురభవనం హాల్లో లిప్పో మెమ్మి గీసిన మరియమాత చిత్రం ముందు నిలబడి కవి డాంటే ప్రసంగించాడని రాశావు. డాంటే వచ్చింది 1300లో, ఫ్లోరెన్స్ రాయబారిగా. ఆ బొమ్మ 1317 నాటిది. అప్పటికి ఆ గోడ మీద ఆ బొమ్మ లేదు. ఆయన ఏ గోడ చూస్తూ మాట్లాడి ఉంటాడా అని నువ్వు తల గోక్కుంటే పాఠకుడూ నీతో పాటు గోక్కుంటాడు.

నీ రాతలో బాగున్నది ఫీనా పేరా. 1253లో చిన్న వయసులోనే పోయిన పిల్ల, జబ్బుతో చెక్క బల్ల మీద ఏళ్ల తరబడి పడుకుంది. చర్చిలో గిర్లాండాయో గీసిన ఆమె అంత్యక్రియల బొమ్మలో వెనకాల ఊరి టవర్లు కనపడతాయని పట్టుకున్నావు. అది నీ కన్ను. మార్చిలో ఆ రాళ్ల సందుల్లో పసుపు పూలు పూస్తాయనీ, అవి ఆమె పూలనీ ఊళ్లో అనుకుంటారు. నువ్వు వెళ్లింది అక్టోబరులో కాబట్టి పూలు చూసినట్టు రాయకు.

టవరు గోడల నిండా చదరపు కన్నాలు ఉన్నాయి కదా, పరంజా కర్రలు దూర్చుకున్నవి? ఇప్పుడు వాటిలో పావురాలు. వాటి గురించి ఒక్క మాటా లేదేం?

ఐస్‌క్రీమ్ రెండు పేరాలూ తీసి ఒక వాక్యం ఉంచు. రైలు ఆ ఊరికి పోదు, పోజ్జిబోన్సీలో దిగి బస్సెక్కాలి. ఆ బస్సు మలుపులు తిరుగుతుంటే టవర్లు ఒకసారి కుడి కిటికీలో, ఒకసారి ఎడమ కిటికీలో కనపడతాయి. అక్కడ మొదలుపెట్టి బావి దాకా మళ్లీ రాసి పంపు. టెన్షన్ పడకు, తొందరేం లేదు. నువ్వు వెళ్లిన రోజు ఆ బావి మెట్ల మీద ఎవరు కూర్చుని ఉన్నారో కూడా గుర్తు చేసుకో.

మీ మాస్టారు