బాంబులు పడ్డ లండన్‌ను నడిచి చూడాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మే నెలలో మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్తున్నాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి చోట్లు నడిపించి చూపే గైడెడ్ టూర్లు చాలా ఉన్నాయట. ఏది ఎంచుకోవాలి? ‘ఫ్రీ’ అని రాసినవి నిజంగా ఉచితమేనా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: టూరు ఎక్కడ మొదలవుతుందో ముందు చూడండి. వెస్ట్‌మినిస్టర్‌లో మొదలైతే అది యుద్ధాన్ని నడిపినవాళ్ల కథ: ప్రభుత్వ కార్యాలయాల వీధి వైట్‌హాల్, చర్చిల్ వార్ రూమ్స్ (యుద్ధకాలపు ప్రధాని చర్చిల్ పనిచేసిన నేలకింది గదులు), హార్స్ గార్డ్స్ మైదానం పక్కన తీగలు కమ్మేసిన కాంక్రీటు కోటలాంటి కట్టడం. సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చి దగ్గర మొదలైతే బాంబులు నెత్తిన పడినవాళ్ల కథ. రెండింటినీ ‘బ్లిట్జ్ వాక్’ (బ్లిట్జ్ అంటే 1940-41 నాటి జర్మన్ బాంబుదాడులు) అనే అమ్ముతారు కాబట్టి పేరు చూసి మోసపోవద్దు. ఒక్కటే చూడగలిగితే మా ఓటు రెండోదానికి. మొదటి దాంట్లో గోడల బయట నిలబడి వినడమే ఎక్కువ. వార్ రూమ్స్ లోపలికి వెళ్లడం చాలా టూర్లలో కలవదు, దానికి టైము వేసిన టికెట్ విడిగా ముందే తీసుకోవాలి.

‘ఫ్రీ’ టూర్లకు ముందు డబ్బు కట్టక్కర్లేదు, కానీ చివర ఇచ్చే టిప్పే గైడు సంపాదన. ఏమీ ఇవ్వకుండా వచ్చేస్తే బాగుండదు. వీటిలో గుంపు పెద్దదవుతుంది. ఇరవై మంది దాటితే బస్సుల రొదలో వెనకవాళ్లకు సగమే వినపడుతుంది. బ్లూ బ్యాడ్జ్ ఉన్న గైడు అంటే చదివి పరీక్షలు పాసైనవాళ్లని అర్థం. నలుగురైదుగురు కలిసి అలాంటి గైడును మాట్లాడుకుంటే మీ నడక వేగానికి తగ్గట్టు చూపిస్తారు.

ప్రశ్న: గైడు లేకుండా మేమే తిరగొచ్చా? దారి చెప్పండి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. (హైదరాబాద్)

జవాబు: తిరగొచ్చు. సెయింట్ పాల్స్ నుంచి మొత్తం మూడు కిలోమీటర్లు, ఆగుతూ నడిస్తే రెండున్నర గంటలు. సోమవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లండి. ఆదివారం ఈ ప్రాంతంలో కాఫీ దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, సెయింట్ పాల్స్‌లో ప్రార్థనలే తప్ప సందర్శకులకు టికెట్లు ఉండవు.

చర్చికి దక్షిణాన, నదివైపు దిగే దారి మొదట్లో అగ్నిమాపక సిబ్బంది కంచు విగ్రహాలున్నాయి. అక్కడ మొదలెట్టండి. చర్చిలోకి వెళ్తే తూర్పు కొస దాకా నడవండి. 1940 అక్టోబర్‌లో బాంబు పడి ప్రధాన వేదిక నాశనమైంది అక్కడే. ఇప్పుడు దాని వెనక అమెరికన్ సైనికుల స్మారక మందిరం ఉంది. బయటికొచ్చి ఉత్తరంగా పాటర్‌నోస్టర్ స్క్వేర్ దాటండి. ఒకప్పుడు అది పుస్తక ప్రచురణకర్తల వీధి. ఒక్క రాత్రిలో లక్షల పుస్తకాలు కాలిపోయాయి. రెండు నిమిషాల్లో క్రైస్ట్ చర్చ్ గ్రేఫ్రయర్స్ వస్తుంది: గోపురం, కొన్ని గోడలు మిగిలాయి, లోపల గులాబీ తోట.

అక్కడినుంచి గ్రెషమ్ స్ట్రీట్ మీదుగా తూర్పుకు నడిచి, ఎడమకు వుడ్ స్ట్రీట్‌లోకి తిరగండి. రోడ్డు మధ్యలో ఒంటరిగా నిలబడ్డ గోపురం సెయింట్ ఆల్బన్ చర్చిది. మిగతా చర్చి లేదు. పక్కనే లవ్ లేన్‌లో చిన్న తోట, నేలమట్టంలో స్తంభాల మొదళ్లు. సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ చర్చి కాలిపోయాక మిగిలిన రాళ్లను 1960లలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రానికి ఓడలో పంపి, ఫుల్టన్‌ ఊళ్లో తిరిగి కట్టారు. అక్కడే ఎందుకంటే 1946లో చర్చిల్ ‘ఇనుప తెర’ ప్రసంగం (సోవియట్ వైపు, పశ్చిమం వైపు అంటూ ఐరోపా చీలిపోయిందన్నది) చేసింది ఆ ఊళ్లోనే.

తర్వాత నగర పాలక సంస్థ పాత భవనం గిల్డ్‌హాల్, ఆపైన బ్యాంక్ అనే భూగర్భ రైలు స్టేషన్. 1941 జనవరి 11న అక్కడ బాంబు పడి, భద్రమనుకుని కింద తలదాచుకున్నవాళ్లతో సహా యాభైమందికి పైగా చనిపోయారు. చివరగా సెయింట్ డన్‌స్టన్ ఇన్ ద ఈస్ట్. కిటికీ చట్రాల గుండా తీగలు పాకిన శిథిలం, ఇప్పుడు పార్కు. చీకటి పడేసరికి గేట్లు వేస్తారు. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దుగూకుతుంది, కాబట్టి చలికాలంలో ఉదయమే బయల్దేరండి.

అమ్మగారితో వుడ్ స్ట్రీట్ వైపు వెళ్లకండి. గ్రేఫ్రయర్స్ చూశాక సెయింట్ పాల్స్ ముందుకు తిరిగి వచ్చి 15వ నంబర్ బస్సెక్కి గ్రేట్ టవర్ స్ట్రీట్‌లో దిగితే సెయింట్ డన్‌స్టన్ దగ్గరే, కూర్చోవడానికి బెంచీలూ ఉన్నాయి. బస్సులో నగదు తీసుకోరు. ఒక కార్డు మీద ఒక్కరే ప్రయాణించాలి, అందుకని అమ్మగారికి వేరే కార్డు ఇవ్వండి.

ప్రశ్న: అన్ని చర్చిలూ 1940 డిసెంబర్ 29నే కాలాయని చదివాను. ఆ ఒక్క రాత్రే అంత నష్టం ఎందుకు? (వరంగల్)

జవాబు: అన్నీ కాదు. సెయింట్ డన్‌స్టన్ 1941లో పోయింది. అయితే ఆ రాత్రి దెబ్బ పెద్దదే, కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విసిరినవి ఎక్కువగా కిలో బరువుండే నిప్పు బాంబులు. వాటి తొడుగు మెగ్నీషియం లోహం, అదే మండుతుంది. పడిన మొదటి నిమిషాల్లో ఇసుక పోస్తే ఒక్క మనిషి అదుపు చేయగలడు. కానీ అది ఆదివారం రాత్రి. ఆఫీసులకు, గోదాములకు, చర్చిలకు తాళాలు. పైకప్పు మీద పడిన బాంబు దగ్గరికి చేరే దారే లేదు. నీటి గొట్టాలు పగిలాయి. నదినుంచి తోడుదామంటే థేమ్స్ బాగా పాటుమీదుంది, నీళ్ల దాకా పైపు చేర్చాలంటే బురదలో దిగాలి.

సెయింట్ పాల్స్ మిగలడానికి కారణం పైకప్పుల మీద రాత్రంతా కాపలా ఉన్న స్వచ్ఛంద దళం. గుమ్మటం మీది సీసపు రేకులో ఇరుక్కున్న ఒక బాంబు దానంతటదే జారి కింది వసారాలో పడింది, అక్కడ ఆర్పేశారు. అదృష్టమూ కలిసొచ్చిందనాలి. ఆ తర్వాత వ్యాపార భవనాల్లో రాత్రి కాపలా నిబంధనలు మరింత కఠినం చేశారు.

ప్రశ్న: గోడ మీది గుంటలు బాంబు ముక్కలవేనని ఎలా తెలుస్తుంది? గైడు ఏది చెబితే అది నమ్మాలా? (విశాఖపట్నం)

జవాబు: బాంబు ముక్క తగిలితే రాయి అంచులు పెచ్చులూడి, చిన్నా పెద్దా గుంటలు ఒకవైపు గుంపుగా పడతాయి. ఒకే వరుసలో సమాన దూరంలో ఉంటే అవి ఇనుప కొక్కేల బెజ్జాలు. మెత్తగా నునుపుగా అరిగితే వానా పొగా పని. పోల్చుకోవడానికి స్ట్రాండ్‌లోని సెయింట్ క్లెమెంట్ డేన్స్ గోడలు, ఎగ్జిబిషన్ రోడ్డు వైపు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గోడ చూడండి.

గైడ్లు పొరపడే చోటు ఒకటుంది: నది గట్టున క్లియోపాట్రా సూది అనే ఈజిప్టు రాతి స్తంభం పక్కనున్న స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల) విగ్రహం. దాని గుంటలు మొదటి యుద్ధంవి, 1917 సెప్టెంబర్ నాటి దాడివి. అక్కడి ఫలకం మీదే రాసి ఉంది.

ప్రశ్న: మన దేశంవాళ్ల గుర్తులేమైనా ఉన్నాయా? (డాలస్ నుంచి)

జవాబు: మామూలు టూర్లలో కలపరు, మీరే వెళ్లాలి. హైడ్ పార్క్ కార్నర్ దగ్గర మెమోరియల్ గేట్స్ 2002లో కట్టారు. భారత ఉపఖండం, ఆఫ్రికా, కరీబియన్ సైనికుల కోసం. పక్కనున్న చిన్న మండపంలోకి వెళ్లి తలెత్తి చూడండి, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందినవాళ్ల పేర్లు కప్పు లోపలివైపు చెక్కారు. చాలామంది గేట్లు ఫొటో తీసుకుని ఇది చూడకుండానే వెళ్లిపోతారు. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ పారిస్‌లో బ్రిటన్ తరఫున రహస్య రేడియో ఆపరేటరుగా పనిచేసి, 1944లో నాజీల డాహౌ నిర్బంధ శిబిరంలో హతమైంది. ఆమె విగ్రహం గోర్డన్ స్క్వేర్ తోటలో ఉంది. బ్రిటిష్ మ్యూజియం చూసేరోజే దీన్నీ పెట్టుకోండి, అక్కడినుంచి పావుగంట నడక.