ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం పోలేదు

ప్రశ్న: డాక్టరుగారూ, మా తమ్ముడికి 24 ఏళ్లు. ఎనిమిది రోజుల కింద గుత్తి దగ్గర హైవే మీద బండి జారి, అరచెయ్యి ఆనించి పడ్డాడు. హెల్మెట్ ఉంది, స్పృహ తప్పలేదు, అంతా గుర్తుంది. ఆ రోజు ఒకసారి వాంతి అయింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. మణికట్టు నొప్పి తగ్గలేదు, హ్యాండిల్ పట్టలేకపోతున్నాడు. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. తలకు స్కాన్ కూడా తీయించాలా?
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: కట్టు సంగతి తర్వాత, ముందు నొప్పి ఎక్కడో చూడండి. బొటనవేలిని బాగా చాచితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే చురుక్కుమంటోందంటే, ఎక్స్‌రే ఏం చెప్పినా సరే, స్కఫాయిడ్ ఎముక విరిగిందనుకునే వైద్యం చేయాలి. జీడిపప్పు ఆకారంలో ఉంటుందిది. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. సన్నటి చీలిక మొదటి రోజు ఫిల్ములో కనబడకపోవచ్చు. 10–14 రోజులకు విరిగిన అంచుల దగ్గర ఎముక కొంత కరిగి, గీత తేటపడుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్లవైపు కొస నుంచే వస్తుంది. నడుమ విరిగితే మోచేతివైపు ముక్కకు రక్తం సరిగా అందకపోవచ్చు. కదలనిస్తే అతుక్కోదు, కొన్నేళ్లకు మణికట్టు అరిగి గట్టిపడిపోతుంది.

కాబట్టి ఈ వారంలోనే పాత ఫిల్ము తీసుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అనంతపురం సర్వజన ఆసుపత్రి ఓపీలోనైనా సరే. మామూలుగా తీసే రెండు ఫిల్ములు చాలవు, 'స్కఫాయిడ్ వ్యూస్' అని అడగండి. అందులోనూ తేలకపోతే ఎమ్మారై. అప్పటిదాకా బొటనవేలి మొదలు కూడా కదలకుండా పట్టీ ఉండాలి. ముక్కలు జరగకుండా విరిగి ఉంటే సాధారణంగా 6–10 వారాల పిండికట్టు సరిపోతుంది. ముక్కలు పక్కకు జరిగితే స్క్రూ వేస్తారు. ఏం విరిగిందో తేలకుండా బిగించే ఏ కట్టూ వద్దు. ఏ కట్టు కిందైనా వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాచితే నొప్పి పెరిగినా వెంటనే విప్పించాలి.

తల సంగతి. ఒక్క వాంతికి, అంతా గుర్తున్న మనిషికి, స్కాన్ అక్కర్లేదు. రెండు మూడు సార్లు వాంతులు, ఫిట్స్, రెండు గంటలైనా తికమక, చెవిలోంచో ముక్కులోంచో రక్తమో నీళ్లలాంటి ద్రవమో కారడం, వీటిలో ఏది ఉన్నా ఆరోజే సీటీ తీయాలి. ఇప్పుడైనా తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, మగతగా ఉంటున్నా ఆలస్యం చేయకండి. ఇదే దెబ్బ రక్తం పల్చబడే మాత్రలు వాడే పెద్దాయనకు తగిలుంటే మాత్రం, వాంతి లేకున్నా స్కాన్ తీయించమనేవాళ్లం.