శనివారం క్లినిక్ పెట్టబోయే ముందు

అమ్మలూ,

శనివారం మధ్యాహ్నాలు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లలకే కేటాయిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. వెంటనే భయమూ వేసింది, బయట ఇరవై టోకెన్లు ఉంటే మొదటి రోజే మాత్ర రాసి పంపేస్తావేమోనని.

రాయకు. లక్షణాలు 12 ఏళ్ళలోపు మొదలై, కనీసం 6 నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనబడాలి. ఏ లక్షణం ఎంత తరచుగా కనబడుతుందో అడిగే వాండర్‌బిల్ట్ ఫారం తల్లిదండ్రులకొకటి, టీచరుకొకటి ఇవ్వు. నీ గదిలో పావుగంట బుద్ధిగా కూర్చున్నాడని కొట్టిపారేయకు, కొత్త చోట చాలామంది అలాగే ఉంటారు. చెవి, కన్ను, గురక, రక్తహీనత కూడా చూడు, వాటివల్లా ధ్యాస నిలవకపోవచ్చు. అల్లరి లేకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. నువ్వే అడగాలి.

ఆరేళ్ళలోపు వాళ్ళకి మందుకంటే ముందు తల్లిదండ్రులకి శిక్షణ. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. అది చేయని పిల్లల డాక్టరు లేరు, నాతో సహా. "ఏడిస్తే పట్టించుకోకండి" అని చెప్పి పంపేస్తాం. అన్నం దగ్గర ఫోన్ కోసం గోలచేసే పిల్లాడినే తీసుకో. ఇన్నాళ్ళూ 5 నిమిషాలు ఏడిస్తే ఫోన్ వచ్చేది. రాకపోతే ఊరుకుంటాడా? పావుగంట ఏడుస్తాడు, కంచం విసిరేస్తాడు. మూడో రోజుకి నానమ్మ తట్టుకోలేక ఫోన్ చేతిలో పెడుతుంది. ఏడుపు చాలదు, కంచం విసరాలని వాడికి తెలిసిపోతుంది. తల్లి వచ్చి "మీరు చెప్పినట్టు చేస్తే ఇంకా ఎక్కువైంది డాక్టరుగారూ" అంటుంది. ఆవిడ చెప్పేది నిజమే. ముందు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుందని మనం చెప్పలేదు.

అందుకని నానమ్మని కూడా పిలిపించు. ఒక్క అల్లరినే ఎంచుకోమను. కొట్టడం, రోడ్డు మీదకి పరిగెత్తడం చూసీచూడనట్టు వదిలేవి కావు, వెంటనే ఆపాలి. గోల ఆగగానే "ఫోన్ లేకుండా రెండు ముద్దలు తిన్నావే!" అని, చేసిన పని చెప్పి మెచ్చుకోవాలి. ఆ మెప్పు లేకపోతే మిగిలేది ఉత్త మొండితనమే. మూడో రోజు సాయంత్రం నువ్వే వాళ్ళింటికి ఫోన్ చెయ్యి.

ఆరేళ్ళు దాటాక, ధ్యాస నిలిపే మందు మిథైల్‌ఫెనిడేట్ అవసరమైతే 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టు, టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వారానికోసారి చూసి పెంచు. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. ముందే ఎత్తు, బరువు, బీపీ, నాడి రాసుకో. ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళున్నారా అని అడుగు. అన్ని మందుల షాపుల్లో దొరకదు, కనుక్కున్నాకే చీటీ రాయి.

శనివారం నువ్వు కూడా అన్నం తిని కూర్చో. ఆకలేస్తే ఎదుటివాళ్ళ మాట వినవు నువ్వు, చిన్నప్పటినుంచీ అంతే.

పెద్దమ్మ