ఫిల్మ్ సిటీకి వెళ్ళే ముందు పెద్దమ్మ మాట

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారిని, మామగారిని, పిల్లలిద్దరినీ తీసుకుని రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్తున్నామని నిన్న ఫోనులో చెప్పావు. తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడలో బయలుదేరి, అంతా చూసేసి, రాత్రికి రాత్రే తిరిగొచ్చేస్తామన్నావు. నువ్వు ఫోను పెట్టేసిన దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. టీచరుగా ఎన్ని బడి పిల్లల గుంపులను అక్కడికి తీసుకెళ్ళానో నీకు తెలుసు. ఆ అనుభవంతో చెబుతున్నాను, 'అంతా చూసేసి' అన్న మాట మరిచిపో.

రామోజీరావు గారు 1996లో ఆ చోటును సినిమా తీసేవాళ్ళ కోసం కట్టించారు. కథ చేతపట్టుకుని వచ్చిన నిర్మాత పూర్తయిన సినిమాతో బయటికి వెళ్ళాలన్నది ఆయన ఆలోచన. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అంటే అది షూటింగుల కోసం పరచిన ఊరు. రైల్వే స్టేషను ఒక మూల, గుడి ఒక మూల, తోటలు ఇంకో మూల ఉంటాయి. అక్కడ మ్యాపు చూసి రోజును లెక్కవేస్తే మధ్యాహ్నానికే అందరూ డీలా పడతారు. మీ అత్తగారి మోకాళ్ళు ఎంత దూరం నడవనిస్తాయి, బుజ్జిదానికి నిద్ర ఎప్పుడు ముంచుకొస్తుంది, ఈ రెండూ చూసుకుని లెక్కవెయ్యి.

ముందు రోజు సాయంత్రానికే చేరుకోండి. విజయవాడ నుంచి వచ్చేవాళ్ళకు చౌటుప్పల్ దాటాక, హైదరాబాదు ఊళ్ళోకి వెళ్ళకముందే హైవే మీద ఫిల్మ్ సిటీ వస్తుంది. హయత్‌నగర్‌లోనో ఎల్.బి.నగర్‌లోనో గది తీసుకుంటే పొద్దున ఎక్కువ దూరం ఉండదు. లోపల సితార, తార హోటళ్ళు ఉన్నాయి కానీ ఆ ఖర్చు మీకు అవసరం లేదనుకుంటాను. ఆదివారం, పండగ సెలవులు వద్దు. డిసెంబరు మధ్య నుంచి జనవరి దాకా సాయంత్రాలు దీపాలతో సంబరాలు చేస్తారు, చూడముచ్చటగా ఉంటుంది కానీ జనం కూడా అంతే ఉంటారు. ఫిబ్రవరిలో ఒక మంగళవారమో బుధవారమో పిల్లలకు బడి మాన్పించు. టీచరునై ఉండి ఈ మాట అంటున్నానని ఆశ్చర్యపోకు, నిజంగానే అంటున్నాను.

టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనెయ్యి. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండండి. హైవే పక్కన టికెట్లు చూపించాక వాళ్ళ బస్సే లోపలికి తీసుకెళ్తుంది, ఆ సమయం కూడా లెక్కలో వేసుకో. లోపల అడుగు పెట్టగానే ఆ రోజు ప్రదర్శనల వేళలు కనుక్కుని కాగితం మీద రాసుకో. వాటిలో రెండే ఎంచుకో. మూడోదానికి ఆశపడితే రోజంతా పరుగే.

సెట్లు చూపించే ఎర్ర బస్సు పొద్దున్నే ఎక్కేయండి. ఆ దారిలో దిగి చూసే చోట్ల నీడ తక్కువ, ఎండ నడినెత్తికి వచ్చాక పెద్దవాళ్ళు నిలబడలేరు. అక్కడ పెద్దవాడికి ఒక పని అప్పగించు. ఒక కట్టడాన్ని ముందు నుంచి చూశాక వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ చూపించు. ముందు విమానాశ్రయంలా కనిపించింది ఇంకో వైపు నుంచి ఆస్పత్రిలా కనిపిస్తుంది. రాతి గోడ అనుకున్నదాన్ని వేలితో తట్టి చూడమను, బోలుగా మోగుతుంది. మా బడి పిల్లాడు ఒకడు అలా తట్టి, చెవి ఆనించి విని, "టీచర్, లోపల ఏమీ లేదు!" అని కేక వేశాడు. ఆ రోజంతా వాడు కనిపించిన ప్రతి గోడనూ తట్టుకుంటూ నడిచాడు.

మధ్యాహ్నం ఎండలో మూవీ మ్యాజిక్ లోపల గడపండి. అక్కడ ప్రేక్షకుల్లోంచి కొందరిని పిలిచి, కదలని బండి మీద కూర్చోబెట్టి, ఇంకొందరి చేత చప్పుళ్ళు చేయించి, చివరికి అన్నీ కలిపి తెర మీద చూపిస్తారు. పిలిచినప్పుడు మీ మామగారిని చెయ్యి ఎత్తమను. ఆయన మొహమాటపడతారు, అయినా వదలకు. బొరాసుర అనే చీకటి గుహలోకి మాత్రం బుజ్జిదాన్ని తీసుకెళ్ళకు, రాత్రికి కలవరిస్తుంది. పెద్దవాడు, మీ ఆయన వెళ్ళొస్తారు, మీరు నీడలో కూర్చోండి. పిల్లల ఆటల ఫండుస్థాన్, పక్షుల పార్కు సాయంత్రానికి ఉంచుకో.

తిండి సంగతి. బయటి తిండి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి పొద్దున గదిలోనే కడుపు నిండా తిని బయలుదేరండి. భోజనానికి పన్నెండు కొట్టకముందే వెళ్ళు, ఒంటిగంటకు వెళ్తే బల్ల దొరకదు. మామగారికి షుగరు ఉంది కదా, ఆయన మందులు, నాలుగు బిస్కెట్లు నీ చేతి సంచిలో ఉండాలి. గేటు దగ్గర ఆపితే సంగతి చెప్పు. అత్తగారి కోసం చక్రాల కుర్చీ దొరుకుతుందా అని ముందు రోజే ఫోను చేసి అడుగు. ఆవిడ వద్దంటారు. అడిగి పెట్టుకో, మూడింటికి ఆవిడే కావాలంటారు. కొత్త చెప్పులు ఎవరూ వేసుకోవద్దు.

ఇంకో సంగతి, ఇది నన్ను ఇప్పటికీ నిద్రలో లేపుతుంది. వేరే ఒక పార్కులో, మూసే వేళకు అందరూ ఒక్కసారిగా బయటికి వస్తుంటే, మా గుంపులోని ఏడేళ్ళ పిల్ల నా చీరలాంటి చీర కట్టుకున్న ఎవరినో చూసి, నేననుకుని ఆవిడ వెనకే వెళ్ళిపోయింది. అరగంట వెతికాను. దొరికినప్పుడు ఏడవడం లేదు, నా చీర కొంగు పట్టుకుని మాట్లాడకుండా నిలబడింది. దానికి నా ఫోను నంబరు తెలియదు, బడి పేరు కూడా నోటికి రాలేదు. అప్పటి నుంచి ప్రతి పిల్ల మణికట్టు లోపలి వైపు పెన్నుతో నంబరు రాయనిదే బస్సు ఎక్కనిచ్చేదాన్ని కాదు. ఇద్దరికీ రాయి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో లోపలికి వెళ్ళగానే ఒక గుర్తు చూపించు, పెద్దవాడి చేత ఆ చోటు పేరు రెండుసార్లు చెప్పించు.

చివరి ప్రదర్శన అయ్యేదాకా ఆగకు. జనం అంతా ఒక్కసారే బస్సుల దగ్గరికి వస్తారు. ఒక అరగంట ముందే బయటపడి, ఆ రాత్రి కూడా గదిలోనే పడుకుని, తెల్లవారి కాఫీ తాగి విజయవాడ బయలుదేరండి. మీ ఆయన రోజంతా పిల్లను ఎత్తుకుని తిరిగిన చేతులతో రాత్రి స్టీరింగ్ పట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు, ఈ మాట నేను అన్నానని చెప్పు.

మీ అత్తగారిని, మామగారిని అడిగానని చెప్పు. గది తీసుకున్నాక ఒక్క ఫోను చెయ్యి.

పెద్దమ్మ