పట్టాల సామగ్రి లోడు: చినిగిన గోతాలు, అదనపు బాడుగ

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలోని మా యూనిట్ నుంచి రైలు పట్టాలు కలిపే ఫిష్‌ప్లేట్లు, బోల్టులు విజయవాడలోని కాంట్రాక్టరుకు లారీలో పంపాము. గోతాలు చినిగి కొన్ని బోల్టులు పోయాయి, మిగిలిన వాటి థ్రెడ్లు దెబ్బతిన్నాయి. ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద ‘ఓనర్స్ రిస్క్’ (నష్టం వస్తే బాధ్యత సరుకు యజమానిదే) అని ఉంది కాబట్టి పరిహారం రాదని, సరుకును ‘ఐరన్ గూడ్స్’ అని మాత్రమే రాసినందుకు అదనపు బాడుగ కట్టాలని ట్రాన్స్‌పోర్టు వారు అంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: అన్నిటికంటే ముందు మీరు నోటీసు పంపాలి. రోడ్డు రవాణా చట్టం, 2007లోని 16వ సెక్షన్ ప్రకారం, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావాకు వీలుండదు. ఈ గడువును డెలివరీ తేదీ నుంచి లెక్కించరన్నది గుర్తుంచుకుని, ఫోన్లలో బతిమాలడం ఆపి, వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి.

‘ఓనర్స్ రిస్క్’ అన్న ముద్రతో రవాణాదారు బాధ్యత తీరిపోదు. అలాంటి షరతు ఉన్నా నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి రవాణాదారు జవాబుదారీయేనని సుప్రీంకోర్టు 2000లో, అప్పటి పాత చట్టం కింద తేల్చింది. ఆ నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర లేదని ఇప్పటి 2007 చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. అయితే ప్యాకింగ్ సరిగా లేదని వారు తప్పక వాదిస్తారు. బుకింగ్ నాడు ఎటువంటి రిమార్కూ రాయకుండా గోతాలు తీసుకున్నారా అన్నది ఎల్‌ఆర్ కాపీలో చూడండి. రాయకపోతే మీ పక్షం గట్టిది. పరిహారానికి మాత్రం పరిమితి ఉంది: ఎక్కువ రిస్క్ రేటు (రవాణాదారు ఎక్కువ బాధ్యత తీసుకునేందుకు కట్టే అదనపు రేటు) కట్టకపోతే, అది బాడుగకు పది రెట్లను గానీ, ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు వివరాలు రాసి రవాణాదారుకు ఇచ్చే పత్రంలో) మీరు ప్రకటించిన విలువను గానీ మించదు.

అదనపు బాడుగ విషయంలో మీరు తొందరపడి ఒప్పుకోవద్దు. సరుకును తిరిగి తూచి, వర్గీకరణ మార్చి ఛార్జీ లెక్కగట్టే అధికారం రైల్వేకు 1989 రైల్వే చట్టంలోని 78వ సెక్షన్ కింద ఉంది. లారీ బాడుగ మాత్రం మీ ఇద్దరి ఒప్పందం. ‘ఐరన్ గూడ్స్’ అన్నది అస్పష్టమైన మాటే గానీ అబద్ధం కాదు కాబట్టి, బరువు నిజంగా రాసి ఉంటే, ఆ ఒక్క మాట ఆధారంగా డబ్బు అడగడం చెల్లదని నా అభిప్రాయం. బరువు తగ్గించి రాసి ఉంటే మాత్రం 2007 రోడ్డు రవాణా చట్టంలోని 8వ సెక్షన్ కింద ఆ తప్పుడు వివరాల వల్ల వారికి కలిగిన నష్టాన్ని మీరే భరించాలి.

ఇకపై ఫిష్‌ప్లేట్లను 7302, బోల్టులను 7318 అనే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ల (పన్ను కోసం సరుకును వర్గీకరించే సంఖ్యల) కింద ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రంలో) వేరువేరుగా చూపించండి. బోల్టులకు నూనె పూసి, నట్టు బిగించి, గోతాల్లో నింపి చెక్క పెట్టెల్లో పెట్టండి. ఫిష్‌ప్లేట్లను స్టీలు పట్టీలతో కట్టలు కట్టి, ఫొటోలు తీసిన తర్వాతే లారీ ఎక్కించండి.