పోయ్ నోటికి ఎక్కాలంటే

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల హొనొలులు వచ్చి నాలుగు నెలలైంది. పక్కింట్లో ఒక హవాయి పెద్దావిడ ఉన్నారు, వీధంతా ‘ఆంటీ’ అనే పిలుస్తారు. రెండుసార్లు మమ్మల్ని భోజనానికి పిలిచారు, రెండుసార్లూ పోయ్ పెట్టారు. చేమదుంపతోనే చేస్తారట, చేమదుంప నాకిష్టమే. కానీ ఆ ఊదారంగు ముద్ద చూస్తే సినిమా పోస్టర్లు అంటించే మైదాపిండి గుర్తొచ్చింది. ఒక్క చెంచా కూడా మింగలేకపోయాను. వచ్చేవారం మళ్లీ పిలిచారు. మేము శాకాహారులం. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, హొనొలులు

జవాబు: ముందు ఆ చెంచా పక్కన పెట్టండమ్మా. మీ హొనొలులు ఉన్న ఓఆహు దీవిలోనే నేను పదకొండేళ్లున్నాను. మొదటి ఏడాది నాదీ మీ అవస్థే. ‘పోయ్’ అన్నప్పుడల్లా మావారు ‘ఎక్కడికి పోయి?’ అని వేళాకోళం ఆడేవారు.

నేను చేసిన పొరపాటే మీరూ చేస్తున్నారు. పోయ్‌ని కూరలా రుచి చూస్తున్నారు. అది కూర కాదు, వాళ్లకి అన్నం. ఉత్తన్నం నోట్లో పెట్టుకుని రుచి లేదంటే ఎలా? ఉప్పటిదేదైనా కొరకాలి, వెంటనే పోయ్ అందుకోవాలి. వాళ్లు ఉప్పుచేప, లోమి సామన్ (ఉప్పు పట్టించిన సామన్ చేపను టొమాటో, ఉల్లి ముక్కలతో కలిపినది) నంజుకుంటారు. మీకైతే పచ్చి ఉల్లిపాయ, ఎర్రమన్ను కలిసిన ఆలాయా ఉప్పు చాలు. ఇనమోనా ఉందేమో కూడా అడగండి. కుకుయి గింజలు వేయించి ఉప్పుతో దంచిన పొడి అది. నన్ను గట్టెక్కించింది అదే. చిటికెడు మించొద్దు, ఎక్కువైతే కడుపు కదిలిపోతుంది.

తినేది వేళ్లతో. చూపుడువేలు ముంచి, గిర్రున తిప్పి, తీగ తెగేలా పైకెత్తి నోట్లో పెట్టుకోవాలి. ఒక్క వేలికే నిలిచేంత చిక్కనిది ‘ఒంటివేలు పోయ్’, పలచబడేకొద్దీ రెండు వేళ్లది, మూడు వేళ్లది.

ఇక అసలు సంగతి పులుపు. తాజా పోయ్ చప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. మీకు పెట్టింది అదే అయ్యుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా, పైన పలచగా నీళ్లు పోసి గిన్నెలో ఉంచితే రెండుమూడు రోజులకి లాక్టిక్ ఆమ్లం పుట్టి పులుస్తుంది. చద్దన్నం తిని పెరిగిన నాలుకకి ఆ వాసన కొత్తేమీ కాదు. నాకు మూడోరోజు పోయ్‌తోనే దారి దొరికింది. ఇప్పటికీ తాజాది పెడితే మొహమాటానికి తింటానంతే. పాలూ చక్కెరా కలుపుకునేవాళ్లు అక్కడివాళ్లలోనూ ఉన్నారు గానీ, ఆ అలవాటు చేసుకుంటే పోయ్ రుచి ఎన్నటికీ తెలియదు.

ఒక్క జాగ్రత్త. పోయ్ గిన్నె మూత తీసి ఉండగా ఆ బల్ల దగ్గర మాటామాటా అనుకోకూడదు. ఆకాశదేవుడు వాకేయాకీ, హోఓహోకూకలని అనే దేవతకీ పుట్టిన తొలిబిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడని, పూడ్చిన చోట చేమ మొక్క మొలిచిందని వాళ్ల కథ. ఆ తర్వాత పుట్టిన తమ్ముడు హాలోవా నుంచే తమ జాతి అంటారు. అంటే గిన్నెలో ఉన్నది వాళ్ల అన్నగారు. ‘మైదాపిండి’ అన్నమాట అక్కడ నోరు జారకండి!

చేమ ఆకుతో చేసే లూఆవు కూర మాత్రం మీకు మొదటి ముద్దకే నచ్చుతుంది. కొబ్బరిపాలలో ఆకు వెన్నలా కరిగిపోతుంది. స్క్విడ్ వెయ్యకుండా తీసిపెట్టమని ముందే చెప్పండి. ఇంట్లో వండితే గంటకు తగ్గకుండా ఉడికించండి. నేనొకసారి పాలకూర లెక్కన పది నిమిషాల్లో దించేశాను. గొంతులో సూదులు గుచ్చినట్టయి సాయంత్రం దాకా మాట పెగల్లేదు. కాల్షియం ఆక్సలేట్ సూదులే అవి, నిజంగానే! కందకి లేని దురద కత్తిపీటకెందుకన్న మా అత్తగారి మీద నవ్వినదాన్ని, ఆ రోజు కత్తిపీటని నేనే.

మీ పిల్లలకి కులోలో కొనిపెట్టండి. తురిమిన చేమదుంప, కొబ్బరిపాలు, చక్కెర కలిపి గంటల తరబడి ఉడికించిన గోధుమరంగు ముక్క, హల్వాలా సాగుతుంది. కవాయి దీవిలో చేమపొలాలున్న హనలేయి వైపు వెళ్తే అక్కడే తినండి.

వచ్చేవారం ఆంటీ గారింట్లో ‘పులిసిన పోయ్ ఉందా?’ అని మీరే అడగండి. ఆవిడ ముఖం చూసి నాకు మళ్లీ రాయండి.